మెట్రో ఆంటీ అనని మాట

పోయిన మంగళవారం పొద్దున మెట్రోలో నా పక్కనే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి ఫోనులో ఒక యానిమే పెట్టుకుని రెండో అమ్మాయికి చూపిస్తోంది. ఎనిమిది సీజన్ల జపాన్ బొమ్మల సీరీస్ అది. అందులో ప్రతి సీజనూ నాకు తెలుసు.

"గింత లెంత్ ఉంది, మొత్తం చూడాల్నా ఏందే?" అంది రెండో అమ్మాయి.

"ఫోర్త్ సీజన్ స్కిప్ చెయ్. అది మెట్రో ఆంటీ సీజన్. ఏడ్పే ఏడ్పు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మెట్రో ఆంటీ ఎవరో వాళ్లకు తెలియదు. ఎక్కడో చదివి ఉంటారు, లేదా చదివినవాళ్ల దగ్గర విని ఉంటారు. నేను ఒక స్టేషన్ ముందే, ప్రకాశ్‌నగర్‌లో దిగిపోయాను. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి రెండు రైళ్లు వదిలేశాను. ఆ మాట పుట్టించింది నేనే. ఆ ఆంటీ నిజంగా ఉండేవారు. ఆవిడ పోయి నాలుగు నెలలైంది. నాలుగో సీజన్ గురించి ఆవిడ అన్నది అది కాదు. సరిగ్గా దానికి ఎదురు మాట.

ఆవిడను నేను మొదట చూసింది కూడా మెట్రోలోనే. రెండేళ్ల క్రితం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో తొమ్మిదీ ఇరవైకి వచ్చే రైల్లో, ఆడవాళ్లకు వదిలిన వైపు, తలుపు పక్కన సీటులో కూర్చునేవారు. అరవై దాటిన మనిషి. గంజి పెట్టిన నూలు చీర, మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకున్న గడియారం, ఒళ్లో నల్ల హ్యాండ్‌బ్యాగు. దాని మీద నిలబెట్టిన ఫోను. ఒక చెవికే ఇయర్‌ఫోన్. రెండో చెవి స్టేషన్ పేర్లు వినడానికి.

ఆ ఫోనులో భక్తి ప్రసంగమో సీరియలో ఉంటుందనుకున్నాను. తొంగి చూస్తే నాకు ప్రాణమైన సీరీస్. మొదటి సీజన్, మూడో ఎపిసోడ్.

"ఆంటీ, మీరు యానిమే చూస్తరా?" అన్నాను ఉండబట్టలేక.

ఇయర్‌ఫోన్ తీశారు. "దీన్ని అట్లా అంటారా? మా ఆఫీసులో ఒక జూనియర్ లాయరమ్మాయి పెట్టిచ్చింది. ఈ డాక్టరు చాలా బాగా వింటున్నాడమ్మా. మధ్యలో మాట్లాడటం లేదు."

ఆ సీరీస్ గురించి నేను అప్పటికి ఎంతోమంది దగ్గర ఎన్నో మాటలు విన్నాను. ఆ డాక్టరు బాగా వింటాడని ఎవరూ అనలేదు. నిజానికి కథంతా అదే. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో మనసు జబ్బుల డాక్టరు ఉంటాడు. తప్పు చేసినవాడు అతని ముందు ఒప్పుకుంటే, ఆ తప్పు వాడి జ్ఞాపకంలోంచి పూర్తిగా పోతుంది. డాక్టరు జ్ఞాపకంలోకి చేరుతుంది, తానే చేసినట్టు. సీజన్లు గడిచేకొద్దీ తనకు గుర్తున్న హత్యల్లో తనవి ఏవో, పరాయివి ఏవో అతనికే తెలియకుండా పోతుంది.

సికింద్రాబాద్ నుంచి బేగంపేటకు పది పన్నెండు నిమిషాలు. అంటే సగం ఎపిసోడ్. ఆవిడ పొద్దున సగం చూసేవారు, సాయంత్రం సగం చూసేవారు. తెర మీద ఎవరి గొంతు మీద కత్తి ఉన్నా సరే, బేగంపేట రాగానే ఆపేసి, ఫోను బ్యాగులో వేసుకుని, "ఇవాళ్టికి కోర్టు లేచింది" అనేవారు. ఇంట్లో చూడరా అని అడిగాను. "ఇంట్లో వేరే పనులుంటాయి. అయినా విన్నదాన్ని కాసేపు నానబెట్టాలమ్మా," అన్నారు.

కోర్టు లేవడం ఆవిడకు అలవాటైన మాట. ముప్పై ఏళ్లకు పైగా కోర్టులో స్టెనోగా పనిచేశారు. సాక్షులు చెప్పింది షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేసే పని. రిటైరయ్యాక కూడా ఊరుకోలేక బేగంపేటలో ఒక లాయరు ఆఫీసులో చేరారు. ఎవరైనా పక్కన మాట్లాడుతుంటే ఆవిడ కుడిచేతి చూపుడు వేలు హ్యాండ్‌బ్యాగు మీద కదిలేది. చిన్న చిన్న గీతలు, వంకరలు. మొదట్లో వేలికేదో జబ్బనుకున్నాను. తర్వాత తెలిసింది, రాసుకుంటున్నారని. రైల్లో ఇద్దరు వదినా మరదళ్లు పోట్లాడుకున్నా, ఫోనులో ఎవరో అప్పగింతలు పెట్టినా, ఆ వేలు రాస్తూనే ఉండేది.

వాళ్ల నాన్న రైల్వే ఉద్యోగం మీద తెనాలి వైపు నుంచి వచ్చి రెజిమెంటల్ బజార్‌లో స్థిరపడ్డారట. ఆవిడ పుట్టింది ఇక్కడే. ఇంటి భాష మాత్రం అక్కడిదే ఉండిపోయింది. రైలెక్కేటప్పుడు జనాన్ని తోసుకుంటూ "జెర జరగండమ్మా, జెర జరగండి" అనేవారు. కూర్చుని కథ గురించి మాట్లాడటం మొదలుపెడితే మళ్లీ వాళ్ల నాన్న మాటే.

నా ఉద్యోగం బేగంపేటలోనే, ఒక కంపెనీలో ట్రైనింగు పాఠాలు రాయడం. నా సంతోషం మాత్రం ఒక వెబ్ పత్రికలో రాసే కాలమ్. ఆ సీరీస్‌ను సీజన్‌కు ఒకటి చొప్పున తీసుకుని, దాని బలాలేమిటి, బలహీనతలేమిటి అని రాద్దామని అప్పుడే ఒప్పుకున్నాను. ఆవిడ దొరకడం నా అదృష్టమనుకున్నాను. రోజూ పక్కన కూర్చుని అడిగేదాన్ని.

ఆవిడ చెప్పేది వేరుగా ఉండేది. మొదటి సీజన్లో తప్పు ఒప్పుకునే సన్నివేశాల్లో సంగీతం ఉండదు. నేనది డబ్బు లేక చేసిన పని అనుకునేదాన్ని. "కాదమ్మా. నిజం చెప్పేటప్పుడు గదిలో ఉన్న చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. ఫ్యాను, కుర్చీ, బయట ఎవరో దగ్గడం. వీడికి ఆ సంగతి తెలుసు," అన్నారు. నేరస్థులు రాక్షసుల్లా ఉండరు, రేషన్ క్యూలో నిలబడే మనుషుల్లా ఉంటారు, అదే దీని గొప్ప అన్నారు. "నేను చూసినవాళ్లు కూడా అట్లాగే ఉండేవారు. ఒకాయన శిక్ష పడ్డాక నా దగ్గరికొచ్చి, టైపు మిషను చప్పుడుకు మీకు తలనొప్పి రాదా అమ్మా అని అడిగాడు."

ఆవిడకు నచ్చనివి కూడా అంతే సూటిగా చెప్పేవారు. అయిదో సీజన్లో ముసుగు మనిషి మేడ మీద నిలబడి పన్నెండు నిమిషాలు తన మనసు గురించి తనే వివరిస్తాడు. కుర్రకారంతా ఆ సన్నివేశాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఈ మాట వాడు అనడమ్మా. రాసినవాడు అంటున్నాడు. మా జడ్జిగారైతే అడిగినదానికి జవాబు చెప్పవయ్యా అనేవారు." రెండో సీజన్లో చచ్చిపోయిన ఇన్‌స్పెక్టరు ఆరో సీజన్లో తిరిగొచ్చినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయారు. "పోయినవాణ్ణి మళ్లీ సాక్షిగా పిలిచారే!" ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి ఆ నవ్వు పోయేది. "చూడు, ఇన్ని సీజన్లలో ఒక్క ఆడదానికీ సొంత తప్పు లేదు. అందరూ చావడానికో ఏడవడానికో పుట్టినవాళ్లే. ఆడవాళ్లకు తప్పు చేసేంత తెలివి లేదనా వాడి ఉద్దేశం?" సీరీస్ ఇంత పొడుగు ఎందుకైందని అడిగితే, "తీర్పు రాయడం చేతకాక వాయిదాలు వేస్తున్నాడు," అన్నారు.

మాకు గట్టిగా తేడా వచ్చింది నాలుగో సీజన్ దగ్గరే. డాక్టరు దగ్గర తప్పు ఒప్పుకుని, ఆ తప్పును మరిచిపోయిన ఒక కుర్రాడుంటాడు. అతని తల్లి, కొడుకు మీద కేసు నడుస్తున్నంతకాలం, రోజూ కోర్టు వరండాలో ఒక బెంచీ మీద వచ్చి కూర్చుంటుంది. పదకొండు ఎపిసోడ్లు. చూసేవాళ్లంతా దాన్ని తిట్టుకున్నారు.

"గదంత ఫిల్లర్ ఆంటీ. టైం పాస్ కోసం పెట్టిండ్రు. కథ ఒక్క అడుగు సుత ముందుకు పోదు," అన్నాను.

"కథ ఎక్కడికి పోవాలమ్మా?"

"అంటే, ఏదో ఒకటి జరగాలె గదా."

"జరుగుతోంది. ఆవిడ ఏడవటం లేదు చూశావా? పదకొండు ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా ఏడవదు. మన సినిమావాళ్లయితే కోర్టు తడిపేసేవాళ్లు. నేను చూసిన తల్లులెవరూ ఏడవలేదమ్మా. బ్యాగు జిప్పు తీస్తారు, వేస్తారు. మళ్లీ తీస్తారు. లోపల ఏమీ ఉండదు. కేసు పిలిచేదాకా అదే పని. ఈ బొమ్మలు వేసినవాడు అది ఎక్కడో చూశాడు. ఈ సీరీస్‌లో అన్నిటికంటే నిజమైనది ఇదే."

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆవిడ వేలు కదలకుండా ఉంది. అది నేను గమనించాను. గమనించి కూడా ఏమీ అడగలేదు. ఆ వారం కాలమ్ గడువు దగ్గరపడింది. బలహీనతల భాగం పలచగా ఉంది.

అప్పుడు రాశాను: 'మా మెట్రోలో ఒక ఆంటీ ఉంది. సికింద్రాబాద్‌లో ఎక్కి బేగంపేటలో దిగేలోపు సగం ఎపిసోడ్ చూస్తుంది. తెర మీద తల్లి కన్నీళ్లు పెట్టుకుంటే చాలు, మెట్రో ఆంటీకి ఎపిసోడ్ హిట్టు. నాలుగో సీజన్ తీసింది ఇలాంటి ఆంటీల కోసమే.'

రాసేటప్పుడు నాకు తెలుసు, ఆవిడ ఇలా అనలేదని. మరిచిపోయి రాసింది కాదు, తొందరలో జారింది కాదు. ఆవిడ అన్నట్టు రాస్తే నా వాదన నిలబడదు. నాలుగో సీజన్ బలహీనతల్లోంచి బలాల్లోకి వెళ్లిపోతుంది. ఇలా రాస్తే జనం నవ్వుతారు. నవ్వారు కూడా. మెట్రో ఆంటీ ఈసారి ఏమంది అని అడగడం మొదలుపెట్టారు. ఎడిటరు ఫోను చేసి ఆ క్యారెక్టర్‌ను వదలొద్దన్నాడు. అయిదో సీజన్‌కు ఒకటి, ఆరో సీజన్‌కు ఒకటి, ఏడో సీజన్‌కు రెండు తెలివితక్కువ మాటలు కల్పించి ఆంటీ నోట్లో పెట్టాను. అదే కాలమ్‌లో, పై పేరాల్లో, నిజం చెప్పేటప్పుడు గది చప్పుళ్లు వినిపిస్తాయన్న మాటా, తీర్పు రాయడం చేతకాక వాయిదాలన్న మాటా ఉన్నాయి. అవి నా పేరు మీద ఉన్నాయి. ఎంత బాగా గమనించావని చాలామంది మెచ్చుకున్నారు. థాంక్స్ చెప్పాను.

అలా ఆవిడ మంచి మాటలన్నీ నావైపోయాయి. నా చెత్త మాటలు ఆవిడవైపోయాయి. రోజూ పొద్దున పక్కన కూర్చుని "ఆంటీ, నిన్నటి సగం ఎట్లుంది?" అని అడుగుతూనే ఉన్నాను.

ఆవిడకు తెలిసిన రోజు వాన. బేగంపేటలో దిగాక, మెట్ల వైపు పోకుండా ప్లాట్‌ఫామ్ మీద బెంచీ చూపించి, "రెండు నిమిషాలు కూర్చుంటావా అమ్మా," అన్నారు. బ్యాగులోంచి కాగితాలు తీశారు. నా కాలమ్‌లు. ఆఫీసు ప్రింటరు మీద తీసినవి. లాయరమ్మాయి భోజనాల దగ్గర నవ్వుకుంటూ పైకి చదివి వినిపించిందట, అది ఎవరి గురించో తెలియక.

కొన్ని వాక్యాల కింద పెన్సిలు గీతలున్నాయి. ఒకటి చదివారు. "తల్లి కన్నీళ్లు పెట్టుకుంటే చాలు, మెట్రో ఆంటీకి ఎపిసోడ్ హిట్టు." ఎవరిదో వాంగ్మూలం చదివినట్టు, ఏ రంగూ లేకుండా చదివారు. "ఇది నేను అనలేదమ్మా."

"ఆంటీ, అది మీరు కాదు. జనరల్‌గా ఒక క్యారెక్టర్ పెట్టిన, అంతే."

"సికింద్రాబాద్‌లో ఎక్కి, బేగంపేటలో దిగి, సగం ఎపిసోడ్ చూసే ఆంటీలు ఎంతమంది ఉన్నారు?"

నేను కాగితాలు అందుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు.

"కోర్టులో సాక్షి చెప్పింది టైపు చేశాక ఊరుకోం కదా. చదివి వినిపిస్తాం. ఆ మనిషి సరిగ్గానే ఉందంటే అప్పుడు సంతకం. కూలివాడైనా సరే, దొంగైనా సరే. ముప్పై ఏళ్లలో నేను ఒక్కరి మాటా మార్చలేదు. నాకు మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు."

కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. వాన చుక్కలు తుడుచుకున్నారు, అంతే. ఏడవలేదు.

"తీసేస్తా ఆంటీ. ఇయాల్నే తీసేయిస్తా."

"తీసెయ్యకు. తీసేస్తే రాయనట్టే అవుతుంది. కింద ఒక్క లైను వేయించు, ఆవిడ అన్నది ఇది కాదు, ఇదీ అని. ఈ పైనవి కూడా నావే," అని ఇంకో గీత చూపించారు. "ఇవి నీ పేరు మీదే ఉండనీ. మంచి మాట ఎవరి పేరు మీద ఉన్నా నష్టం లేదు. ఆ తల్లి సంగతి ఒక్కటీ దిద్దు."

"వచ్చే వారం వేయిస్తా ఆంటీ. పక్కా."

"సరే."

వేయించలేదు. ఎడిటరును అడగను కూడా అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతాడు. నేను అబద్ధం రాశానని చెప్పాలి. చదివేవాళ్లకు ఎంతో ఇష్టమైన క్యారెక్టర్‌కు నిజం మనిషి ఉందనీ, ఆ మనిషి నాకంటే తెలివైనదనీ చెప్పాలి. పది రోజుల తర్వాత రైల్లో ఆవిడే అడిగారు, చాలా మామూలుగా, "వేశారా అమ్మా?" అని.

"ఎడిటర్ లీవ్‌ల ఉన్నడు ఆంటీ. రాంగనే వేస్తడు."

వేలు బ్యాగు మీద చిన్నగా కదిలింది. నా మాట రాసుకున్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు.

నేనే తప్పించుకోవడం మొదలుపెట్టాను. మొదట చివరి పెట్టెలో ఎక్కాను. తర్వాత తొమ్మిదీ ఇరవై రైలు మానేసి తొమ్మిదిన్నరకు వెళ్లాను. ఒకరోజు తొమ్మిదీ ఇరవై రైలే ఆలస్యమై తొమ్మిదిన్నరకు వచ్చింది, జనం నిండిపోయారు. ఎదురుగా ఆడవాళ్ల వైపు తలుపు పక్కన ఆవిడ కనిపించారు. ఒళ్లో బ్యాగుంది. బ్యాగు మీద ఫోను లేదు. రెండు చేతులూ బ్యాగు మీద పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు. నన్ను చూశారో లేదో తెలియదు. చూసినట్టే ఉంది. నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను.

అప్పటికి ఎనిమిదో సీజన్ వస్తోంది. ఆఖరిది. దాని గురించి ఆవిడ ఏమంటారోనని ప్రతి ఎపిసోడ్ దగ్గరా అనిపించింది. సిగ్గులేకుండా అనిపించింది. ఆ సీజన్ కాలమ్ నేను రాయలేకపోయాను. అడగడానికి మనిషి లేక నా దగ్గర మాటలు అయిపోయాయి.

ఆవిడ పోయిన సంగతి లాయరమ్మాయి చెప్పింది, బేగంపేట స్టేషన్ మెట్ల మీద. మేమిద్దరం కలిసి రైలు దిగుతుండగా చాలాసార్లు చూసిన పిల్ల. "మా మేడం లేరు అక్కా. బీపీ ఎక్కువై పడిపోయిన్రు. రెండు రోజులు హాస్పిటల్ల ఉన్నరు. శనివారం చర్చిల జ్ఞాపకార్థ కూడిక ఉంది, మీరు రావాలె. మేడం మీ గురించి ఎప్పుడూ చెప్తుండె."

వెళ్లాను. వెనక వరసలో కూర్చుని వచ్చేద్దామనుకున్నాను. పాటలు, ప్రార్థన అయ్యాక ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అదే నుదురు, అదే గంజి చీర. చెల్లెలని చూడగానే తెలిసిపోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

"నువ్వేనా అమ్మా మెట్రోలో అక్క స్నేహితురాలివి? తను చెప్పే మాటలు రాసుకునే పిల్ల ఒకతె ఉందని మురిసిపోయేది. నాలుగు మాటలు చెప్పవా?"

ఆంటీ ఇంట్లో ఏమీ చెప్పలేదని అప్పుడర్థమైంది. చెప్పేద్దామనే లేచాను. దేవుడి ముందు, అంతమంది ముందు, అక్కడైనా చెప్పేద్దామని. మైకు చేతికొచ్చింది. "ఆంటీ దగ్గర నేను వినుడు నేర్చుకున్న," అన్నాను. ముందు వరసలో ముసలివాళ్లు తలలూపారు. చెల్లెలుగారు కళ్లు తుడుచుకున్నారు. ఇంకో రెండు మంచి మాటలు చెప్పి కూర్చున్నాను. తర్వాత ప్లేటులో కేకు ముక్క, బిర్యానీ పెట్టి ఇచ్చారు. తిన్నాను. పెరుగు పచ్చడి కావాలా అంటే వేయించుకున్నాను కూడా.

అక్కడితో అయిపోయేదేమో. నేను నెమ్మదిగా మరిచిపోయేదాన్నేమో. మంగళవారం ఆ అమ్మాయిలు నవ్వారు.

ఆరోజు ఆఫీసుకు వెళ్లి ముందు ఆ పనే చేశాను. ఎడిటరుకు అంతా రాసి పంపాను. "ఇప్పుడెందుకండీ, పాత కాలమ్ గదా," అన్నాడు. వెయ్యాల్సిందేనన్నాను. గురువారం వేశాడు. పాత కాలమ్ కింద ఒక పేరా: ఆమె అన్న మాట ఇది కాదు, ఇదీ, తెలిసే మార్చి రాశాను, పైన నావిగా ఉన్న పరిశీలనల్లో చాలావరకు ఆమెవి. దాన్ని కాగితం మీద తీసుకుని ఆదివారం మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్ వెళ్లాను. ట్రంకు పెట్టెల దుకాణం పైన ఇల్లు. నేను పోవడం ఆలస్యమైనా దిద్దుకునే పోతున్నాను కదా అని లోపల కొంచెం ధైర్యంగా కూడా ఉంది. అది కూడా ఒప్పుకోవాలి.

చెల్లెలుగారు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అన్నీ చెప్పాను. బేగంపేట బెంచీ, ఎడిటరు లీవు అబద్ధం, వేరే పెట్టెలో ఎక్కడం, చర్చిలో మైకు. ఆవిడ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. కాగితం ఇస్తే కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అక్కకు తెలుసా ఇది? నువ్వట్లా రాశావని?"

"తెలుసండీ. పోవడానికి ఆరు నెలల ముందే తెలుసు."

"అందుకే కాబోలు. ఆ బొమ్మలు చూడటం మానేసింది. కళ్లు నొప్పని చెప్పింది నాతో."

కింద ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"మాకో తమ్ముడున్నాడు," అన్నారు. "వాడి మీద కేసు పడింది. అక్క ఉద్యోగంలో చేరిన కొత్త. కేసు పక్క కోర్టులోనే నడిచింది. అమ్మ రోజూ వచ్చి వరండాలో కూర్చునేది. లోపల పనిచేసే పిల్ల తమ్ముడే ముద్దాయి అని తెలిస్తే అక్కకు ఇబ్బంది అవుతుందని, నన్ను పలకరించకు అని అమ్మే చెప్పింది. భోజనాల వేళ అక్క బయటికొచ్చి ఎదురు బెంచీ మీద కూర్చుని డబ్బా తినేది. అమ్మ ఇటు, అక్క అటు. రెండేళ్లమ్మా. ఒక్క రోజు మాట్లాడుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడుకునేవాళ్లు, ఇవాళ నీ డబ్బాలో వంకాయా అని."

"తమ్ముడుగారు..." అన్నాను.

"కేసు కొట్టేశారు. అప్పటికి అమ్మ లేదు." కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "ఇది బాగానే రాశావు. ఇంకేమైనా రాసుకుంటే రాసుకో, మా పేర్లు వద్దు. వాడికి పిల్లలున్నారు."

"నన్ను క్షమించండి," అన్నాను.

"నన్నడిగితే ఎట్లాగమ్మా? అది అక్క చెయ్యాల్సిన పని. తన బదులు నేనెట్లా చేస్తాను?"

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అన్నారు. లేవాలా, కూర్చోవాలా తెలియక కుర్చీ అంచున ఉండిపోయాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపి వచ్చి, ఈసారి నా పక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఆ తల్లి ఉంటుందన్నావే, ఆ బొమ్మల్లో. చూపించు."

ఫోనులో నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. బల్ల మీద నీళ్ల గ్లాసుకు ఆనించాను. ఆవిడ ముందుకు వంగి, చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని చూశారు. ఏమీ అడగలేదు. ఎవరు ఎవరో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. పొడుగాటి వరండా, తడి గొడుగులు, బెంచీ చివర ఆ తల్లి. లోపలినుంచి ఎవరి పేరో పిలుస్తారు, అది ఆమె కొడుకు పేరు కాదు. మళ్లీ కూర్చుంటుంది. ఇరవై నాలుగు నిమిషాలూ అంతే. నేను తెర వైపు చూడలేక ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను.

అయిపోయాక కళ్లద్దాలు తీశారు.

"బాగానే తీశాడు," అన్నారు. "మా అమ్మ ఇంకా నిటారుగా కూర్చునేది."